ఆపడానికే పెట్టిన మీట



ఆటోమేటిక్ కారులో గేర్ లివరు పక్కన, బొటనవేలికి అందేచోట, చిన్న మీట ఒకటి ఉంటుంది. దాని మీద ‘ఓ/డి’ అనో ‘ఓ/డి ఆఫ్’ అనో రాసి ఉంటుంది. ఓ/డి అంటే ఓవర్‌డ్రైవ్. మారుతి సియాజ్, 2018లో వచ్చిన ఎర్టిగా, ఈమధ్యటి జిమ్నీ వంటి నాలుగు గేర్ల ఆటోమేటిక్ బళ్ళలో దీన్ని చూడవచ్చు. అమెరికాకు చదువుకు వెళ్ళిన మన పిల్లలు నలుగురు కలిసి కొనుక్కునే పాత క్యామ్రీల్లోనూ, కొరోలాల్లోనూ ఉంటుంది. కారు చేతికిచ్చే రోజున ఏసీ గురించీ పాటల పెట్టె గురించీ చెప్పినంత శ్రద్ధగా దీని గురించి ఎవరూ చెప్పరు. దాంతో ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకుంటారు. ఓవర్‌టేక్ చేసేటప్పుడు నొక్కితే బండికి అదనపు బలం వస్తుందని కొందరు, హైవే ఎక్కాక నొక్కి ఊళ్ళోకి రాగానే తీసెయ్యాలని ఇంకొందరు, అసలు ముట్టుకోకపోతేనే క్షేమమని మరికొందరు. తప్పు వాళ్ళది కాదు, ఆ పేరుది. మన వాడుకలో ‘ఓవర్’ అంటే మితిమీరడం. ఎవడైనా హద్దు దాటితే ‘ఓవర్ చేస్తున్నాడు’ అంటాం. అందుకని ఓవర్‌డ్రైవ్ అంటే బండి ఓవర్ చెయ్యడం అనుకుంటే ఆశ్చర్యం లేదు. అసలు సంగతి తలకిందులుగా ఉంది. ఉన్న గేర్లన్నిటిలోకీ ఇంజిన్ నింపాదిగా తిరిగే గేరు అదే. మీట ఉన్నది దాన్ని ఆపడానికి. కాబట్టి ఓవర్‌డ్రైవ్ ఎప్పుడు వాడాలి అన్న ప్రశ్నను, ఎప్పుడు తియ్యాలి అని తిప్పి అడుగుతాను.

సైకిలును గుర్తు చేసుకుంటే ఈ గేరు సంగతి తేలిగ్గా తెలుస్తుంది. పెడలు దగ్గరి పళ్ళచక్రం పెద్దది, వెనక చక్రం దగ్గరిది చిన్నది. అందువల్ల పెడలు ఒక చుట్టు తొక్కితే వెనక చక్రం రెండు చుట్లకు పైగా తిరుగుతుంది. చదునైన దారిలో హాయిగా ఉంటుంది. ఎత్తు వచ్చిందంటే మాత్రం సీటు మీంచి లేచి నిలబడి తొక్కాలి, అదీ కుదరకపోతే దిగి నెట్టాలి. కారు మొదటి గేరు దీనికి వ్యతిరేకంగా పనిచేస్తుంది. ఇంజిన్ ఇంచుమించు మూడు చుట్లు తిరిగితే గేర్‌బాక్సులోంచి బయటికి వచ్చే ఇరుసు ఒక చుట్టు తిరుగుతుంది. వేగం తగ్గుతుంది, లాగే బలం పెరుగుతుంది. నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లో మూడో గేరుకు వచ్చేసరికి లెక్క సమానం, ఒకటికి ఒకటి. నాలుగో గేరు ఈ సమానాన్ని దాటిపోతుంది. ఇంజిన్ సుమారు 0.7 చుట్టు తిరిగేసరికే ఇరుసు పూర్తి చుట్టు తిరుగుతుంది. సమానం దాటింది కాబట్టి దానికి ‘ఓవర్’ అని పేరు. మూడో గేరులో నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్న ఇంజిన్, అదే వేగంలో నాలుగో గేరు పడగానే 2,100కు దిగుతుంది. మాన్యువల్ కార్లలో ఐదో గేరు కూడా చాలావరకు ఇలాంటిదే. ఆ ఐదో గేరును ఏళ్ళ తరబడి నిశ్చింతగా వాడినవాళ్ళే, ఆటోమేటిక్‌లోకి మారాక దానికో పేరూ ఒక మీటా కనిపించేసరికి తటపటాయిస్తున్నారు.

ఇది ఏ అవసరం కోసం వచ్చిందో చూస్తే అనుమానం ఇంకా తీరుతుంది. జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సును జనంలోకి తెచ్చింది. దానికి నాలుగు గేర్లున్నా పై గేరు ఒకటికి ఒకటే. తర్వాత అమెరికా రోడ్లను ఏలిన మూడు గేర్ల ఆటోమేటిక్‌లలోనూ అంతే. ఓవర్‌డ్రైవ్ అనే ఆలోచన అప్పటికి లేక కాదు. 1930లలోనే క్రైస్లర్ కార్లలో ఉంది. ఆ తర్వాత బ్రిటన్‌లో స్టాండర్డ్ వాన్‌గార్డ్ కారుకు కోరినవాళ్ళకు బిగించి ఇచ్చేవారు. పెట్రోలు కారుచౌకగా దొరికినంతకాలం ఆటోమేటిక్‌లో దాని అవసరం పెద్దగా ఎవరికీ తోచలేదు. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. 1974 జనవరిలో అక్కడి హైవేల మీద వేగాన్ని గంటకు 55 మైళ్ళకు కట్టడి చేశారు. 1975లో వచ్చిన చట్టం, 1985 కల్లా కార్లు గ్యాలన్‌కు సగటున 27.5 మైళ్ళు ఇవ్వాలని కంపెనీల మెడ మీద కత్తి పెట్టింది. ఫోర్డు కంపెనీ 1980 మోడళ్ళలో 0.67 నిష్పత్తితోనూ, జనరల్ మోటార్స్ 1982 మోడళ్ళలో 0.70 నిష్పత్తితోనూ ఓవర్‌డ్రైవ్ ఉన్న ఆటోమేటిక్‌లను దించాయి. జపానులో టయోటా అంతకుముందే, 1977లో, ఆ పని చేసింది. అంటే ఈ గేరును ఆటోమేటిక్‌లోకి తెచ్చింది రేసు మైదానం కాదు, పెట్రోలు బంకు ముందు నిలబడ్డ వరస. పొదుపు కోసం వచ్చింది కనుకనే చాలా కార్లలో స్టార్టు చెయ్యగానే అది తనంతట తానే పనికి సిద్ధంగా ఉంటుంది.

చేసే పని ఒకటే అయినప్పుడు ఇంజిన్ నెమ్మదిగా తిరిగితే మాత్రం పెట్రోలు ఎందుకు తగ్గాలి అని ఎవరైనా అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. చదునైన రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల వేగాన్ని నిలబెట్టుకోవడానికి చిన్న కారుకు పదిహేను ఇరవై గుర్రాల బలం చాలు. ఇంజిన్‌కున్న సత్తా వంద గుర్రాలది. అంటే అది తన బలంలో ఐదో వంతు లోపుతోనే బతుకుతోంది. పెట్రోలు ఇంజిన్‌లో బలం తగ్గించడమంటే గాలి లోపలికి వెళ్ళే దారిని మూత వేసి ఇరుకు చెయ్యడమే. ఆ ఇరుకు సందులోంచి గాలిని పీల్చడానికే పిస్టన్లకు కొంత శ్రమ వృథా అవుతుంది. కొబ్బరిబొండాంలో పెట్టిన గొట్టాన్ని వేళ్ళతో నొక్కి పట్టుకుని తాగినట్టుంటుంది ఆ వ్యవహారం. ఓవర్‌డ్రైవ్‌లో చుట్లు తగ్గుతాయి గనుక, అదే బలం ఇవ్వడానికి ప్రతి చుట్టుకూ ఎక్కువ గాలి కావాలి. మూత ఎక్కువ తెరుచుకుంటుంది. పీల్చే శ్రమ తగ్గుతుంది. చుట్లు తగ్గినందువల్ల లోపలి రాపిడీ తగ్గుతుంది. చెవికి చప్పుడు తగ్గడం అదనపు లాభం. హైదరాబాదు నుంచి విజయవాడకు హైవే మీద వెళుతూ దారి పొడుగునా ఓవర్‌డ్రైవ్ ఆపి ఉంచితే, ఈ లాభాలన్నీ వదులుకోవడం తప్ప ప్రతిఫలం ఏమీ లేదు.

ఊళ్ళో తీసెయ్యాలన్న సలహా ఎక్కువమంది నోట వినబడుతుంది. ఇది పెద్దగా హాని చెయ్యని తప్పు, అంతే. ట్రాఫిక్‌లో బండి ముప్పైలో నలభైలో పాకుతున్నప్పుడు గేర్‌బాక్సు నాలుగో గేరు జోలికి ఎటూ పోదు. తెల్లవారుజామున ఇంజిన్ చల్లగా ఉన్నా చాలా కార్లు కాస్త వేడెక్కేదాకా ఆ గేరు వెయ్యవు. వెయ్యని గేరును ఆపడం వల్ల ఒరిగేదేమీ లేదు. కానీ హైదరాబాదులో మెహిదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి దారి ఖాళీగా దొరికినప్పుడు, ఆపిన సంగతి మరిచిపోతే, ఆరాంఘర్ దాకా పదకొండు కిలోమీటర్లకు పైగా ఇంజిన్ అరుస్తూనే ఉంటుంది. బండి వేగం సరిగ్గా మూడు నాలుగు గేర్ల సరిహద్దుకు అటూ ఇటూ ఊగుతున్నప్పుడు, గేరు పడుతూ లేస్తూ ఉండటం విసుగనిపిస్తే తీసెయ్యవచ్చు. ఊరు మొత్తానికి అదొక నియమంగా పెట్టుకోనక్కర్లేదు.

మరి ఎప్పుడు తియ్యాలి? దీనికి జవాబు గేర్‌బాక్సుకు ఏం తెలుసు, ఏం తెలియదు అన్నదాంట్లో ఉంది. మీ పాదం యాక్సిలరేటర్‌ను ఎంత తొక్కిందో, బండి ఎంత వేగంలో ఉందో, ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోందో దానికి తెలుసు. ముందున్న మలుపు తెలియదు. మలుపు తర్వాత మళ్ళీ ఎత్తుందని తెలియదు. లారీ వెనక ఇరుక్కున్నారని తెలియదు. శ్రీశైలం ఘాట్‌లోనో, అనంతగిరి మీదుగా అరకు దారిలోనో ఎత్తు ఎక్కుతున్నారనుకోండి. గట్టిగా తొక్కితే గేర్‌బాక్సు మూడుకు దిగుతుంది. మలుపు దగ్గర పాదం కాస్త తీస్తారు. బండికి బరువు తగ్గిందేమోనని అది నాలుగు వేస్తుంది. మలుపు తిరిగాక మళ్ళీ తొక్కుతారు, మళ్ళీ మూడు. ప్రతి మలుపు దగ్గరా ఈ ఊగిసలాటే. ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్లలో ఒకటి విసిరే గాలికి రెండోది తిరిగినట్టు, అందులో నూనె తోపుడుతో బలం చేతులు మారుతుంది. హైవే మీద సాఫీగా పోతున్నప్పుడు లోపలి క్లచ్ ఆ రెంటినీ కలిపి బిగించేస్తుంది కాబట్టి వృథా ఉండదు. గేరు మారినప్పుడల్లా, బరువు మీద పడ్డప్పుడల్లా ఆ బిగింపు ఊడుతుంది, నూనె చిలికినట్టయి వేడెక్కుతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు వేడి కన్నా పెద్ద శత్రువు లేదు. ఇలాంటి చోట ఓవర్‌డ్రైవ్ తీసేస్తే ఊగిసలాట ఆగిపోతుంది. ఇల్లు మారేటప్పుడు కారు వెనక అద్దె ట్రైలర్ తగిలించుకునే అమెరికా తెలుగువాళ్ళకూ ఇదే మాట వర్తిస్తుంది. అక్కడి పాత కార్ల మాన్యువల్ పుస్తకాల్లో ఈ సలహా తరచు కనిపిస్తుంది.

గట్టిగా తొక్కితే అదే కింది గేరుకు దిగుతుంది కదా, మధ్యలో ఈ మీట ఎందుకు అనేవాళ్ళున్నారు. ఎక్కేటప్పుడు ఆ మాటలో సగం నిజముంది. తొక్కిన తర్వాత దిగుతుంది, తొక్కకముందు దిగదు. దిగుడు వచ్చేసరికి ఆ సగం నిజం కూడా పోతుంది. పల్లంలో యాక్సిలరేటర్ మీద పాదమే ఉండదు. పాదం లేదంటే బలం అక్కర్లేదని గేర్‌బాక్సు లెక్క. అందుకని పై గేరు వేసేస్తుంది. మీరు బండిని ఆపుకోవాలనుకుంటున్న సమయంలోనే అది బండిని వదిలేస్తోందన్నమాట. ఈ మీటకు అసలైన పని ఇక్కడే ఉంది. తిరుమల నుంచి దిగే వాహనాలు 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు మీదుగా వస్తాయి. కొండకూ తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. ఐదుగురు మనుషులతో, సామానుతో కారు బరువు 1,500 కిలోలు అనుకుంటే, ఆ ఎత్తు దిగేలోగా వదిలించుకోవలసిన శక్తి ఇంచుమించు ఒక కోటి జౌళ్ళు. అంత శక్తితో 35 లీటర్ల నీళ్ళను, అంటే రెండు పెద్ద బిందెలకు పైగా, మామూలు వేడి నుంచి మరిగే దాకా కాచవచ్చు. ఇందులో కొంత గాలీ టైర్లూ తీసుకుంటాయి. మిగిలినదాన్ని ఎవరో ఒకరు మింగాలి. ఇంజిన్ పంచుకోకపోతే అంతా బ్రేకుల నెత్తిన పడుతుంది.

బ్రేకులు కొంతసేపు మింగుతాయి. తర్వాత ప్యాడ్లు కాగిపోయి పట్టు సడలుతుంది. బ్రేక్ గొట్టాల్లోని ద్రవానికి తేమను పీల్చే గుణం ఉంది. డాట్ 3 రకం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే ఆ లెక్కలు 230, 155. ద్రవం మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. పెడలు మెత్తగా నేలకు ఆనుతుంది, బండి ఆగదు. ఏళ్ళ తరబడి బ్రేక్ ద్రవం మార్చని బండ్లు మనదగ్గర ఎన్నో. అందుకని ఓవర్‌డ్రైవ్ తీసి మూడో గేరులో దిగితే ఇంజిన్ బండిని వెనక్కి పట్టుకుంటుంది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. తిరుమల వంటి ఘాట్‌లో హెయిర్‌పిన్ మలుపుల మధ్య మూడో గేరు పట్టు కూడా చాలదు. అక్కడ లివరును ‘2’కు, మరీ నిటారుగా ఉంటే ‘ఎల్’కు లాగాలి. ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత లారీ డ్రైవర్ల సూత్రం ఆటోమేటిక్‌కూ చెల్లుతుంది. ఓవర్‌డ్రైవ్ తియ్యడం ఆ మెట్లలో మొదటి మెట్టు మాత్రమే.

దీని మీద గట్టి అభ్యంతరం ఒకటుంది. బ్రేక్ ప్యాడ్లు వేలల్లో పోతాయి, ఇంజిన్ లక్షల్లో పోతుంది, చవక సామాను కాపాడ్డానికి ఖరీదైన సామానును అరగదియ్యడమేమిటి అని. వినడానికి బాగుంది గానీ లెక్కకు నిలవదు. నాలుగు నుంచి మూడుకు దిగితే 2,100 చుట్ల ఇంజిన్ 3,000కు చేరుతుంది. ఆరు వేల దాకా తిరగడానికి తయారైన ఇంజిన్‌కు అది సగం. చప్పుడు పెరిగింది గనుక నొప్పి పెడుతోందని మనకనిపిస్తుంది, అంతే. పైగా మీట మీ ఆజ్ఞను కంప్యూటరుకు అందిస్తుందే తప్ప పళ్ళను నేరుగా లాగి తగిలించదు. వేగం మరీ ఎక్కువగా ఉంటే చాలా కార్లలో కంప్యూటరు వేగం తగ్గేదాకా గేరు మార్చకుండా ఆగుతుంది. బండి నడుస్తుండగా మీట నొక్కవచ్చా అన్న సందేహానికి కూడా జవాబు ఇదే: నొక్కవచ్చు. వాన పడి జారుతున్న మలుపు మధ్యలో మాత్రం వద్దు. గేరు ఒక్కసారిగా పడితే చక్రాలు పట్టు తప్పవచ్చు. ఆ పని మలుపుకు ముందే, బండి తిన్నగా ఉండగా కానివ్వాలి.

పెట్రోలు మిగులుతుందని పల్లంలో న్యూట్రల్‌కు తోసేవాళ్ళ వాదన ఇంకా ప్రమాదకరం. కార్బురేటర్ల రోజుల్లో పుట్టిన అలవాటది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్‌లో, పాదం తీసి గేరులోనే దిగుతుంటే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, కంప్యూటరు పెట్రోలు ఆపేస్తుంది. న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ తనంతట తాను బతకాలి గనుక పెట్రోలు తాగుతుంది. అంటే న్యూట్రల్‌లో పెట్రోలూ ఖర్చే, పట్టూ సున్న.

ఓవర్‌టేక్ సంగతికి పెద్ద చర్చ అక్కర్లేదు. పాదం గట్టిగా తొక్కితే గేరు దిగుతుంది. ఒకే వరస రోడ్డు మీద వరసగా లారీలను దాటవలసి వస్తే ముందే తీసి ఉంచుకోండి, బండి ఆలోచించుకునే ఆ ఒక్క క్షణం మిగులుతుంది. దాటడం అయిపోయాక మళ్ళీ వేసెయ్యండి.

మా బండిలో ఈ మీటే లేదే అనేవాళ్ళకూ రెండు మాటలు. ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌లలో ఓవర్‌డ్రైవ్ గేర్లు ఒకటికి మించి ఉంటాయి. జర్మనీకి చెందిన జెడ్‌ఎఫ్ కంపెనీ గేర్‌బాక్సులో ఆరోది ఒకటికి ఒకటి, ఏడోది 0.84, ఎనిమిదోది 0.67. వీటికి ఆ మీట బదులు లివరులో ‘ఎస్’, ‘ఎమ్’ స్థానాలో, స్టీరింగు వెనక ప్యాడిళ్ళో ఇస్తున్నారు. బెల్టుతో నడిచే సీవీటీలలో గేర్లే లేకపోయినా కొన్నిటికి ఓ/డి మీట ఉంచారు, అది ఇంజిన్ చుట్లను పెంచి పట్టు ఇస్తుంది. క్లచ్ పెడలు లేని ఏఎమ్‌టీ కార్లలో ‘ఎమ్’లోకి లాగి మీరే గేరు దించుకోవాలి. కొన్ని కొత్త కార్లు పల్లాన్ని తామే పసిగట్టి కింది గేరును పట్టుకుని ఉంటున్నాయి. ఆ మేరకు మీట అవసరం తగ్గుతున్న మాట నిజం. అయినా అవి కూడా పల్లంలోకి వచ్చాకే పల్లమని తెలుసుకుంటాయి. ముందు రాబోయే పల్లం ఇంకా మీ కళ్ళకే కనబడుతుంది.

చివరగా దీపం గురించి. డాష్‌బోర్డు మీద ‘ఓ/డి ఆఫ్’ అని పసుపు దీపం వెలిగితే ఓవర్‌డ్రైవ్ ఆగి ఉందని అర్థం. దీపం ఆరితే అది పనిచేస్తోందని. ఈ తిరకాసు వల్లే చాలామంది వెలుగుతున్న దీపాన్ని చూసి ఓవర్‌డ్రైవ్ నడుస్తోందనుకుని వందల కిలోమీటర్లు మూడో గేరులో పోతుంటారు. మీరు మీట ముట్టుకోకుండానే ఆ దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే, చాలా కార్లలో అది గేర్‌బాక్సులో ఏదో లోపం ఉందన్న కబురు. వెంటనే మెకానిక్‌కు చూపించండి. ఇక కొండ దిగి అలిపిరి దాటాక, హైవే ఎక్కేముందు, ఒకసారి ఆ దీపం కేసి చూడండి. ఇంకా వెలుగుతుంటే మీట నొక్కి ఆర్పెయ్యండి.